గోవింద్‌కి ఏం కొనాలి

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలికి నాలుగడుగుల దూరంలో నగరేశ్వరరావు గారి బట్టల షాపు ఉంది. అందులో మగవాళ్ల బట్టల కౌంటరు ఉషది. పేరుకి మగవాళ్ల కౌంటరే గానీ అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మొగుడికి చొక్కా కొనడానికి వచ్చిన ఆవిడ చేతిసంచీ బల్ల మీద పెట్టి, "ఏం తీసుకోవాలో తెలీట్లేదమ్మా, ఏది తెచ్చినా ముఖం ముడుచుకుంటారు" అంటుంది. ఉష వెంటనే చొక్కాలు దింపదు. ముందు ఆవిడ చేత నాలుగు మాటలు మాట్లాడిస్తుంది. ఆయన ఏం పని చేస్తారు, ఎండలో తిరుగుతారా, జేబులో పెన్ను పెట్టుకుంటారా ఫోన్ పెట్టుకుంటారా, ఇంటికి రాగానే చొక్కా విప్పి వంకీకి తగిలిస్తారా కుర్చీ మీద పడేస్తారా. ఆ నాలుగు మాటలతో చూడని మనిషి కూడా ఉష కళ్లముందు నిలబడతాడు. అప్పుడు వెనక్కి తిరిగి ఒక్క చొక్కా తీసి పరుస్తుంది. రెండోది తీయాల్సిన పని చాలా అరుదుగా పడేది.

"ఈ పిల్లకి మొగాళ్ల మనసులు బాగా తెలుసండీ" అని నగరేశ్వరరావు గారి భార్య కన్యాకుమారి మెచ్చుకునేది. పండగ రోజుల్లో ఆవిడ కూడా షాపుకి వచ్చి కూర్చునేది.

అలాంటి ఉషకి తన మొగుడికి ఏం కొనాలో మాత్రం తెలియదు.

గోవింద్ మోటారు వైండింగ్ మెకానిక్. పాత బస్టాండు వెనక చిన్న షెడ్డు. కాలిపోయిన బోరు మోటార్లు, తిరగని ఫ్యాన్లు, మూలిగే మిక్సీలు ఆ షెడ్డుకి వస్తాయి, బాగై వెళ్తాయి. ఆరేళ్ల కిందట చర్చి ఆవరణలో బోరు మోటారు కాలిపోతే బాగు చేయడానికి వచ్చాడు. ఉష తల్లి దానమ్మ అప్పుడు అక్కడే ఉంది. రెండు గంటలు వంచిన తల ఎత్తకుండా పని చేసిన ఆ కుర్రాణ్ణి చూసి, ఊరూ పేరూ కనుక్కుంది. భోగాపురం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి గంగులు వేటకెళ్లి తిరిగి రాలేదు. తల్లి లక్ష్మణమ్మ ఎండు చేపలు అమ్ముతుంది. కుర్రాడు హాస్టల్లో పెరిగాడు, అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఏడాది తిరక్కుండానే పెళ్లయింది. ఇప్పుడు వాళ్లకి నాలుగేళ్ల కూతురు. లక్ష్మణమ్మ ముచ్చటపడి తులసి అని పేరు పెట్టుకుంది.

గోవింద్ మంచివాడు. తాగడు, అరవడు. ఉషకి ఏం కావాలో అడక్కుండానే గ్రహిస్తాడు. పక్కింటివాళ్ల ఫ్యాను ఊరికే బాగు చేసి ఇస్తాడు. ఎటొచ్చీ అతనికి ఏదైనా ఇస్తే తీసుకోవడమే రాదు.

పెళ్లయిన మొదటి క్రిస్మస్‌కి ఉష వాచీ కొంది. రంగు కాగితం చుట్టి, రిబ్బను కట్టి, పొద్దున్నే చేతికిచ్చింది. గోవింద్ రెండు చేతులతో అందుకున్నాడు. నవ్వాడు. "బావుంది" అన్నాడు. అప్పటికి కాగితం కూడా విప్పలేదు. ఉష తనే విప్పి చూపిస్తే మళ్లీ "బావుంది" అన్నాడు. ఆ వాచీ పెట్టెతో సహా బీరువా పై అరలోకి వెళ్లింది. రెండో ఏడు ఆకాశం రంగు చొక్కా. ఉష పోరు పడలేక చర్చికి వేసుకుని, ఇంటికి రాగానే విప్పి మడత పెట్టేశాడు. మూడో ఏడు తోలు పర్సు. అయినా డబ్బులకి రబ్బరు బ్యాండు వేసుకునే తిరిగాడు. మెషీన్లంటే ఇష్టం కదా అని నాలుగో ఏడు గడ్డం గీసుకునే ట్రిమ్మరు కొంది. దాని సీలు కూడా ఊడలేదు.

ఐదో ఏడు ఉష పట్టుదలకొద్దీ ఏమీ కొనలేదు. ఏదీ అని అడుగుతాడేమో, కనీసం ఎదురుచూస్తాడేమో చూద్దామనుకుంది. అడగలేదు సరికదా, ఆ క్రిస్మస్‌ నాడు ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. తులసిని భుజాల మీద ఎక్కించుకుని వీధంతా తిప్పాడు. ఉష పిండివంటకి గులాబీ పువ్వులు వేయిస్తుంటే పక్కన కూర్చుని పాటలు పాడాడు. ఇవ్వనందుకు అంత సంతోషమా అని ఆమెకి ఏడుపొచ్చింది.

అన్నిటికన్నా ఆమెని బాధపెట్టేది ఆ నవ్వు. ఏదైనా చేతికిచ్చినప్పుడు అతను నవ్వే నవ్వు వేరుగా ఉండేది. పళ్లు కనిపించేవి. కళ్లు మాత్రం ఆమె భుజం మీదుగా ఎక్కడో ఒకచోట ఆగిపోయేవి. మిగతా రోజుల్లో ఆ నవ్వు ఎప్పుడూ కనిపించలేదు.

ఆరో క్రిస్మస్ దగ్గరకొచ్చింది. షాపులో మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఉష తన గోడు చీరల కౌంటరులో పని చేసే అమ్మడుతో చెప్పుకుంది.

"నా మొగుడికి ఏటిచ్చినా ఒకటే. మర్నాటికి ఎక్కడ పెట్టాడో ఆడికే తెలీదు. నీ మొగుడు బీరువాలో భద్రంగా దాస్తన్నాడు, సంతోషించు" అంది అమ్మడు.

నగరేశ్వరరావు గారు ఆ మాటలు విని కళ్లజోడు పైకి తోసుకున్నారు. "చూడమ్మా, వచ్చినవాళ్లందరికీ నువ్వు వాళ్ల మనిషిని చూసి తీస్తావు. మీ ఆయనకి మాత్రం నీకు ఏది ముచ్చటగా ఉంటే అది కొంటున్నావు. మెకానిక్‌కి తోలు పర్సు ఎందుకు? గ్రీజు చేతులు. పొందూరు ఖద్దరు చొక్కా తీసుకెళ్లు. ఎన్ని ఉతుకులైనా ఉతకొచ్చు, ఒంటికి చల్లగా ఉంటుంది. దాన్ని కాదనే మగాడు లేడు."

ఆ మాట ఉషకి నచ్చింది. లేత గోధుమ రంగు ఖద్దరు చొక్కా తీసింది. షాపుకి వచ్చిన పండగ కాగితాల్లోంచి తళతళలాడే ఎర్ర కాగితం ఎంచి చుట్టింది.

డిసెంబరు మూడో ఆదివారం సాయంత్రం చర్చిలో పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్. ఈసారి కొత్తగా ఆడవాళ్ల సంఘం ఒక కార్యక్రమం పెట్టింది. భార్యలు ఒక్కొక్కరే భర్తని స్టేజి మీదికి పిలిచి బహుమతి ఇవ్వాలి. వారం ముందే వాట్సాప్ గ్రూపులో ఆ సంగతి వచ్చింది. ఉష గోవింద్‌కి చెప్పలేదు. నలుగురి ముందు ఇస్తేనన్నా విలువ తెలుస్తుందేమో, నలుగురూ చప్పట్లు కొడితే మొహం విచ్చుకుంటుందేమో అనుకుంది.

తమ పేర్లు పిలవగానే గోవింద్ అయోమయంగా లేచాడు. ఉష చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కించింది. వెనక అట్టతో చేసిన పశువుల పాక, పైన కరెంటు నక్షత్రం. ఉష ఎర్ర కాగితం చుట్టిన డబ్బా అతని చేతుల్లో పెట్టింది. కుర్చీల్లోంచి చప్పట్లు, ఈలలు. కెమెరా పట్టుకున్నతను ముందుకొచ్చాడు.

"అన్నా, ఇటు చూడండి. డబ్బా కొంచెం పైకి పట్టుకోండి. ఇంకొంచెం పైకి. ఆఁ, నవ్వండన్నా, నవ్వాలి."

గోవింద్ డబ్బా పైకి ఎత్తాడు. నవ్వాడు కూడా. ఫ్లాష్ వెలిగింది. "ఇంకోటన్నా, అలాగే ఉండండి" అన్నాడు కెమెరా అతను. అంతలో ఉష చూస్తుండగానే గోవింద్ చేతులు కిందికి దించాడు. పక్కనున్న బల్ల మీద డబ్బాని మెల్లగా, అది పగిలిపోయే వస్తువైనట్టు పెట్టాడు. మెట్లు దిగాడు. కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఎవరో నవ్వారు. పాస్టరు గారి భార్య గబగబా తర్వాతి పేరు పిలిచేసింది. ఉష ఆ డబ్బా చంకలో పెట్టుకుని, తులసి చెయ్యి పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచింది.

గోవింద్ వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నేను ఏటి చేశాను మావా?" అంది ఉష. "నేనిచ్చింది అంత పనికిమాలిందా? ఊళ్లో అందరి మొగుళ్లకీ నేనే ఎంచి పెడతాను. నా మొగుడు మాత్రం నలుగురిలో నా మొహాన పడేసి వస్తాడు."

"పడెయ్యలేదు ఉషా."

"మరేటది?"

"నీ తప్పేటీ లేదు. నన్నడక్కు" అన్నాడు గోవింద్. తులసిని ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.

రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. బుధవారం ఉష షాపుకి సెలవు పెట్టింది. తులసిని దానమ్మ దగ్గర దింపి విశాఖపట్నం బస్సెక్కి భోగాపురంలో దిగింది. అక్కణ్ణుంచి ఆటో. దారి పొడుగునా సరుగుడు తోటలు, వాటి మధ్య విమానాశ్రయం కోసం కొలతలు వేసి పాతిన రాళ్లు. ఆటోలో ఇద్దరు ముసలివాళ్లు ఎవరి భూమి పోతుంది, ఎవరిది మిగులుతుంది అని వాదించుకుంటున్నారు. ఉష చెవికి ఏదీ ఎక్కలేదు.

లక్ష్మణమ్మ ఇంటి ముందు ఇసకలో వల గుడ్డ పరిచి నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. ఒక చేత్తో కర్ర పట్టుకుని కాకుల్ని అదిలిస్తోంది. కోడల్ని చూసి నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటమ్మీ, ఒక్కదానివే ఒచ్చినావు? గుంట తులసి బాగున్నాదా? నా కొడుకేడీ?"

"అందరం బాగానే ఉన్నాం అత్తా. నిన్నొక మాట అడుగుదామని వచ్చాను."

నీడలోకి వెళ్లి కూర్చున్నారు. ఉష ఎలా మొదలుపెట్టాలో తెలియక తిన్నగా అడిగేసింది. "మావకి ఏటిచ్చినా తీసుకోడేం అత్తా? చిన్నప్పట్నుంచీ అంతేనా?"

ఆరేళ్ల సంగతి వరసగా చెప్పింది. వాచీ, చొక్కా, పర్సు, ట్రిమ్మరు. లక్ష్మణమ్మ "ఆడి బుద్ది అంతేనే, నీకేటి" అంటూ తేలిగ్గా కొట్టేస్తూ వింది. చర్చిలో జరిగింది చెప్పేసరికి మాత్రం ఆమె చేతిలో కర్ర కదలడం మానేసింది.

"పొటో తీస్తన్నారా?" అంది.

"ఆఁ."

"పొటో తీస్తన్నప్పుడేనా ఎల్లిపోనాడు?"

"ఒకటి తీశారు. రెండోది తియ్యబోతుంటే వెళ్లిపోయాడు."

లక్ష్మణమ్మ లేచి లోపలికి వెళ్లింది. ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో పాలిథిన్ కవర్లో చుట్టిన ఫొటో ఉంది. ఉష ఆ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు దాన్ని.

ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లాడు. తలకి నూనె పట్టించి పాపిడి తీశారు. ఎవరిదో పెద్ద చొక్కా, చేతులు మోచేతుల కిందకి వేలాడుతున్నాయి. రెండు చేతులా ఒక పెద్ద డబ్బా గుండెలకెత్తి పట్టుకున్నాడు. డబ్బాకి తళతళలాడే కాగితం, పైన రిబ్బను పువ్వు. పిల్లాడు నవ్వుతున్నాడు. పళ్లు కనిపిస్తున్నాయి. కళ్లు ఫొటో తీస్తున్న మనిషి మీదుగా ఎక్కడో చూస్తున్నాయి.

ఆ నవ్వు ఉషకి తెలుసు. ఆరేళ్లుగా చూస్తున్న నవ్వే.

"ఆడి అయ్య సముద్రంలో పోయిన రెండో ఏడు" అంది లక్ష్మణమ్మ. "నాకాడుంటే ఏటి పెడతాను? ఆస్టల్లో అయితే మూడు పూటలా అన్నవుంటాదని ఏసినాను. కిస్మస్‌కి ఎక్కణ్ణుంచో తెల్లదొరలు పిల్లలకి బగుమానాలు పంపుతారంట. అవి పట్టుకుని పొటో దిగితే ఆ పొటో దొరలకెల్తాదంట. ఒకటి మాకూ ఇచ్చినారు. నాను గోడకి ఏలాడదీసి ఊరందరికీ సూపించినాను. సూడండే, నా కొడుక్కి ఎంత పెద్ద డబ్బా ఒచ్చిందో అని."

కాకి ఒకటి వచ్చి చేపల మీద వాలింది. లక్ష్మణమ్మ దాన్ని తోలలేదు.

"సెలవలకి ఒచ్చినాడు. సంచీ ఇప్పితే రెండు నిక్కర్లు, ఒక సొక్కా. డబ్బా ఏదిరా అన్నాను. తీసేసుకున్నారమ్మా అన్నాడు. ఇచ్చినోలు తీసేసుకుంటారేట్రా? ఎవులికిచ్చేసినావు, ఏటి కొనుక్కు తిన్నావు అని తాడట్టుకుని కొట్టినాను. ఊరందరికీ సెప్పుకున్నాను కదా, ఆలు నవ్వుతారని నా బాద. ఆడు ఏడవనేదే. నిలబడి కొట్టించుకున్నాడు. అప్పట్నుంచి ఆ మాట ఆడెత్తనేదు, నానెత్తనేదు."

"నిజంగానే తీసేసుకున్నారా?"

"ఏడేళ్ల కింద మన ఊరి అసిరయ్య కొత్త ఇంట్లో దిగినాడు. ఆ బోజనాలకాడ సెప్పినాడు. ఆడూ నా కొడుకూ ఒకే ఆస్టల్లో సదివినారు. నలబై మందికి డబ్బా ఒకటే పిన్నీ అని నవ్వుతా సెప్పినాడు. ఒకడు పొటో దిగి పక్కోడి సేతికిచ్చీవోడంట. అక్కడున్నోలందరూ నవ్వినారు. నాకు ముద్ద దిగనేదు. ఇంటికొచ్చి పొటో గోడ మించి తీసి పెట్లో పెట్టేసినాను."

"మావకి చెప్పలేదా నువ్వు?"

"ఎలాగ సెప్తానే? నిజం సెప్పినోణ్ణి కొట్టినానని ఏ మొకంతో సెప్పను?" లక్ష్మణమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆడు మరిసిపోనాడేమో అనుకున్నాను. నీ మాటలింటే మరవనేదని తెలిసింది."

ఉష అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఉప్పుకి పగిలి గరుకుగా ఉంది. ఆటో హారన్ వినిపించాక ఉష లేచింది. "పండక్కి రా అత్తా" అంది.

"మీ పండక్కి నానెందుకే? నాకు మీ పాటలు రావు, పార్దనలు రావు."

"అన్నం తినడానికి రా."

తిరుగు బస్సులో ఉష కిటికీకి తల ఆనించింది. ఏటా తను చేసినదంతా గుర్తొచ్చింది. డబ్బాకి కాగితం చుట్టి అతని చేతుల్లో పెట్టేది. ఎదురుగా కూర్చుని మొహంలోకి చూసేది. నవ్వాలి, నవ్వాలి అని లోపల్లోపల కోరుకునేది. అతను నవ్వేవాడు. ఆ నవ్వు తనకి చాలేది కాదు, అది ఎందుకలా ఉంటుందో అతను చెప్పేవాడు కాదు. ఇప్పుడు తెలిసింది కదా, ఏం చేయాలి? ఇంటికెళ్లి, నాకంతా తెలుసు అని చెప్పాలా? అలా చెబితే అతను దాచుకున్నదాన్ని తను వెనకనుంచి వెళ్లి లాక్కున్నట్టు అవుతుందనిపించింది. బస్సు రణస్థలం దాటేదాకా ఆలోచించి, చెప్పకూడదనే అనుకుంది.

గోవింద్ ఆరోజు షెడ్డు పెందలాడే మూసి వచ్చాడు. ఉషకి టీ పెట్టి ఇచ్చాడు.

"ఆదివారం నీ పరువు తీసేశాను" అన్నాడు తలొంచుకుని.

"నాదే తప్పు. నిన్నడక్కుండా స్టేజి ఎక్కించాను. ఇంకెప్పుడూ చెయ్యను."

అతను ఆమె వైపు చూశాడు. చీరకి ఎండు చేపల వాసన వస్తోంది. "అమ్మకాడికెళ్లావేటి?"

"వెళ్లాను. పండక్కి రమ్మన్నాను."

"వస్తానందా?" గోవింద్ ఆశ్చర్యపోయాడు. ఆరేళ్లలో లక్ష్మణమ్మ ఒక్క క్రిస్మస్‌కి కూడా రాలేదు.

"ఏటీ అన్లేదు" అంది ఉష. అతను ఇంకేమీ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. మర్నాడు ఖద్దరు చొక్కా షాపుకి తీసుకెళ్లి తిరిగి అరలో పెట్టేసింది.

క్రిస్మస్ రోజు పొద్దున గోవింద్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని చర్చికి వచ్చాడు. పాస్టరు గారు ఏమీ జరగనట్టే అతని భుజం తట్టి, గుమ్మం దగ్గర కొట్టుకుంటున్న ఫ్యాను సంగతి చెప్పారు. ఇంటికి వచ్చేసరికి పదకొండు. గేటు ముందు చేపల గంప పక్కన పెట్టుకుని లక్ష్మణమ్మ కూర్చుని ఉంది.

"తలుపు తాళవేసి ఎల్తే నాను ఏడ కూకోవాలే?" అని కోడలి మీద కేకలేసింది. గంపలో పెద్ద వంజరం చేప ఉంది. "రేవులోనే కొన్నాను. ఇంకా కళ్లు తళతళలాడతన్నాయి, సూడు."

పెరట్లో కత్తిపీట వేసుకుని ఆమె చేప కోయడానికి కూర్చుంది. గోవింద్ చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. ఉష వంటింట్లో మసాలా నూరుతోంది. కిటికీలోంచి ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి.

"ఒరే గోయిందా."

"ఏటమ్మా?"

"ఆ డబ్బా సంగతిలో నీ తప్పు నేదురా."

ఉష చెయ్యి ఆగిపోయింది.

"ఏ డబ్బా?" అన్నాడు. ఏ డబ్బానో అతనికి తెలుసని ఆ గొంతే చెబుతోంది.

"ఆస్టల్లో పొటో డబ్బా. నలబై మందికి ఒకటేనని అసిరయ్య సెప్పినాడు. ఏడేళ్లయినాది సెప్పి. నీకు సెప్పడానికి నాకు మొకం సెల్లనేదు." లక్ష్మణమ్మ చేప మీదనుంచి తల ఎత్తలేదు. "నువ్వు నిజవే సెప్పినావు. నాను ఊరికే కొట్టినాన్రా నిన్ను."

గోవింద్ చెంబు వంచిన చెయ్యి అలాగే ఉంది. నీళ్లు చేప ముక్కల మీద నుంచి పారి కాలవ కట్టాయి. చెంబు ఖాళీ అయ్యాక, "నీళ్లు సాలా?" అన్నాడు.

"సాలు."

చెంబు గోడ మీద పెట్టి, చేతులు తుడుచుకుని గేటు తీసుకుని వెళ్లిపోయాడు. బండి చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

లక్ష్మణమ్మ బిత్తరపోయి కోడలి వైపు తిరిగింది. "ఎల్లిపోనాడే! పండగ పూట నానెందుకు నోరిప్పినాను?"

"వస్తాడులే అత్తా" అంది ఉష. వస్తాడని ఆమెకీ నమ్మకం లేదు. పులుసు ఉడికింది. అన్నం వార్చింది. ఒంటిగంట దాటింది. తులసికి తినిపించి పడుకోబెట్టారు. లక్ష్మణమ్మ గుమ్మంలోనే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

రెండింటికి బండి ఆగింది. గోవింద్ పాదాలకి ఇసక అంటుకుని ఉంది. నాగావళి ఒడ్డుకి వెళ్లినట్టున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి పక్కనుంచి లోపలికి వస్తూ ఆమె తల మీద చెయ్యి వేసి తీశాడు.

"అన్నం పెట్టండి. ఆకలేస్తంది" అన్నాడు.

లక్ష్మణమ్మ తనే వడ్డించింది. చేప తలకాయ తీసి అతని కంచంలో వేసింది. గోవింద్ వద్దనలేదు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాక, ఎవరినీ చూడకుండా అన్నాడు.

"ఆ డబ్బాలో ఏటుండేదో నాకు ఇప్పటికీ తెలీదు."

ఉష, లక్ష్మణమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నా తర్వాత కుర్రోడికి ఇచ్చెయ్యమన్నారు. నేను వెంటనే ఇవ్వలేదు. నాదే అనుకున్నాను కదా. సారు వేళ్లు విడదీసి లాక్కున్నాడు. ఆ రాత్రి అందరం అదే మాట. బంతి ఉంటాదని ఒకడు, బిస్కట్లని ఒకడు. నేనైతే టార్చిలైటు అనుకున్నాను. మా అమ్మ చీకట్నే లేచి రేవుకెళ్తాది, ఆమెకిద్దావని."

లక్ష్మణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, చేపల బేరం ఆడే గొంతుతో అడిగింది. "బరువుగా ఉండీదేట్రా అది?"

గోవింద్ ఆలోచించాడు. రెండు చేతులు ముందుకు చాపి గాలిలో తూచి చూశాడు. "లేదమ్మా. తేలిగ్గానే ఉండేది."

"ఊపితే సప్పుడయ్యీదా?"

"లేదు."

"అయితే అందులో ఏటీ నేదురా, ఎర్రినాయనా. కాళీ డబ్బా అది!" అంది లక్ష్మణమ్మ. "ఓలమ్మో, కాళీ డబ్బాకా నాను నా కొడుకుని కొట్టినాను!" అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. గోవింద్ కూడా నవ్వాడు. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని, భుజాలు అదిరిపోయేలా నవ్వాడు. నిద్ర లేచి వచ్చిన తులసి వీళ్లకేమైందోనని తల్లి ఒళ్లో దూరింది.

సాయంత్రం గోవింద్ తల్లిని బస్సెక్కించి వచ్చాడు. ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. ఉష కూడా ఎత్తలేదు. అంతా సర్దుకుపోయిందని ఆమె అనుకోలేదు. ముప్పయ్యేళ్లు దాటిన మనిషి ఒక మధ్యాహ్నంతో మారిపోతాడా?

మూడు రోజుల తర్వాత పొద్దున్నే మంచు దట్టంగా కురుస్తోంది. ఆమదాలవలసలో రైసుమిల్లు మోటారు ఆగిపోయిందని కబురొస్తే గోవింద్ బండి తీశాడు. గేటు దాకా వెళ్లినవాడు ఆగి వెనక్కి తిరిగాడు.

"ఉషా, మీ షాపులో మంకీ క్యాప్‌లు ఉంటాయా?"

ఆరేళ్లలో అతను నోరు తెరిచి ఒక వస్తువు అడగడం అదే మొదటిసారి. ఉష గిన్నె తోముతూనే, "ఉంటాయి. ఏ రంగు?" అంది.

"ఏదైతేనేం. చెవులు మూస్తే చాలు. ఈ చలిగాలికి చెవిపోటు వస్తంది."

ఆ సాయంత్రం ఉష ముదురు నీలం మంకీ క్యాప్ తీసుకుంది. అమ్మడు రంగు కాగితం తెస్తానంటే వద్దంది. మామూలు ప్లాస్టిక్ కవర్లో వేయించుకుని, ఇంటికొచ్చి బండి తాళాల పక్కన పెట్టి, వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. గోవింద్ వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. కవరు గలగలలాడింది. ఉష తల ఎత్తలేదు. మొహం చూడాలన్న కోరికని బలవంతాన అణుచుకుంది.

వంటింటి గుమ్మంలో నీడ పడింది. గోవింద్ క్యాప్ తలకి తొడుక్కుని నిలబడ్డాడు. కళ్లు, ముక్కు మాత్రమే కనిపిస్తున్నాయి. కనుబొమలు పైకి లాగినట్టున్నాయి.

"ఏటే ఇది, ఇంత బిగుతుగా ఉంది? ఊపిరాడట్లేదు. నా తల సైజే తెలీదా నీకు?"

ఉష కత్తి కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూసింది. "పెద్ద సైజు ఉందిలే. మారుస్తాను."

"రేపే మార్చు. ఎల్లుండి మళ్లీ ఆమదాలవలస వెళ్లాలి." క్యాప్ ఊడబెరుక్కుని, చెదిరిన జుట్టు సర్దుకుంటూ మళ్లీ అన్నాడు. "నీలం వద్దు. బూడిద రంగుంటే చూడు. మట్టి కనపడదు."

మర్నాడు షాపులో ఉష ఆ క్యాప్ బల్ల మీద పెట్టి బూడిద రంగులో పెద్ద సైజు వెతకడం మొదలుపెట్టింది. చీరల కౌంటరు నుంచి అమ్మడు చూసింది.

"ఏటే, ఇదీ నచ్చలేదా మీ ఆయనకి?"

"నచ్చలేదంట" అంది ఉష. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోతుంటే, అమ్మడికి ఏమీ అర్థం కాలేదు.